మీకు తెలుసా? పక్షవాతం వచ్చిన మనిషిని చూసుకోవడమూ నేర్చుకోవాల్సిన పనే

మదురై నుంచి అరుప్పుకోట్టై వెళ్ళే దారిలో సుమారు 30 కిలోమీటర్లు పోతే కారియాపట్టి వస్తుంది. ఆ ఊళ్ళోనూ, విరుదునగర్ జిల్లా పల్లెల్లోనూ, ఇంకా దక్షిణాన కోవిల్‌పట్టి దాకా పరుచుకున్న నల్లరేగడి నేలలోనూ తరతరాలుగా తెలుగు మాట్లాడే కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. ఇంట్లో తెలుగు, బజార్లో తమిళం, బడిలో తమిళం. అలాంటి ఇంట్లో ఒక తెల్లవారుజామున పెద్దాయనకు కాలూ చెయ్యీ పడిపోయిందనుకోండి. ఆస్పత్రిలో కొన్నాళ్ళు ఉంచి ఇంటికి పంపేస్తారు. ఆ తరువాత నెలల తరబడి ఆయన్ని చూసుకునేది భార్య, కోడలు, కూతురు. డిశ్చార్జి కాగితం మీద మాత్రల పేర్లుంటాయి. మనిషిని మంచం మీంచి ఎలా లేపాలో, నోట్లో ముద్ద ఎలా పెట్టాలో ఉండదు. ఈసారి ఈ శీర్షికంతా వాళ్ళ కోసం.

ఆస్పత్రిలో డాక్టరు మొదట అడిగేది ఏమిటి?

“ఎప్పుడు మొదలైంది?” అని. దానికి జవాబు ఇంట్లోవాళ్ళ దగ్గరే ఉంటుంది. మెదడుకు రక్తం తీసుకెళ్ళే నాళంలో గడ్డ అడ్డుపడితే దాన్ని కరిగించే ఇంజెక్షన్ మామూలుగా నాలుగున్నర గంటల లోపు ఇవ్వాలి. అంతకంటే ముందు స్కానింగ్ తీసి, మెదడులో రక్తం కారలేదని నిర్ధారించుకోవాలి. మనిషి నిద్రలేచేసరికే మూతి వంకర పోయి ఉంటే, లేచిన సమయం లెక్కలోకి రాదు. రాత్రి ఆయన బాగా ఉండగా ఆఖరిసారి ఎవరు చూశారు, అప్పుడు గంటెంత అన్నదే లెక్క. ఆ సంగతి తెలిసిన మనిషే అంబులెన్సు ఎక్కాలి. అది పక్కింటి పిల్లాడికే తెలిస్తే వాడి ఫోన్ నంబరు రాసుకుని వెళ్ళాలి.

పెద్ద నాళం మూసుకుపోయినప్పుడు నిమిషానికి దాదాపు 19 లక్షల నాడీకణాలు చచ్చిపోతాయని అమెరికా వైద్యుడు జెఫ్రీ సేవర్ 2006లో లెక్కగట్టారు. కారియాపట్టి నుంచి మదురై రాజాజీ ప్రభుత్వ ఆస్పత్రికి వెళ్ళే దారిలో బంధువుల ఇంటి దగ్గర ఆగడానికి ఆ లెక్క ఒప్పుకోదు. 108కి ఫోన్ చేసి, స్కానింగూ ఈ ఇంజెక్షనూ ఉన్న ఆస్పత్రికే తీసుకెళ్ళమనాలి. ఈలోపు సోడా, కాఫీ, నీళ్ళు, మాత్ర, ఏదీ నోటికి ఇవ్వకూడదు. మింగడం చేతకాని స్థితిలో అవి ఊపిరితిత్తుల్లోకి పోతాయి. గుండెపోటుకు వాడినట్టు ఆస్పిరిన్ వేసేస్తుంటారు కొందరు. వచ్చింది మెదడులో రక్తస్రావమైతే ఆ మాత్ర ప్రమాదాన్ని పెంచుతుంది.

దగ్గు రాలేదంటే ముద్ద సరిగ్గా దిగినట్టేనా?

కాదు. పక్షవాతం (స్ట్రోక్) వచ్చిన తొలి రోజుల్లో ఇంచుమించు సగం మందికి మింగడంలో ఇబ్బంది ఉంటుంది. వాళ్ళలో కొందరికి నీళ్ళు ఊపిరి గొట్టంలోకి జారినా దగ్గే రాదు, ఎందుకంటే అక్కడి స్పర్శ కూడా పోయి ఉంటుంది. కాబట్టి దగ్గు కోసం చూడటం చాలదు. గుటక వేశాక “అమ్మా” అనమనండి. గొంతు తడితడిగా, గరగరలాడుతూ వస్తే ఆపేయాలి. భోజనమయ్యాక ఆయాసం, సాయంత్రాలు జ్వరం, దవడ సందులో మిగిలిపోయిన మెతుకులు, ఇవన్నీ సంకేతాలే. డాక్టరుకు చెప్పాలి.

తినిపించే పద్ధతి ఇది. మనిషి నిటారుగా కూర్చోవాలి, పడుకోబెట్టి పెట్టకూడదు. పెట్టేవాళ్ళు నిలబడి కాదు, ఎదురుగా కూర్చుని పెట్టాలి. నిలబడి పెడితే ఆయన తల పైకెత్తుతాడు, తల ఎత్తితే గాలి గొట్టం తెరుచుకుంటుంది. చిన్న చెంచాతో, బలమున్న వైపు దవడలోకి, ఒక ముద్ద పూర్తిగా దిగాకే ఇంకొకటి. నోట్లో ముద్ద ఉండగా మాట్లాడించకూడదు, టీవీ కట్టేయాలి. తిన్నాక అరగంట అలాగే కూర్చోబెట్టాలి. పలుచటి నీళ్ళు, మజ్జిగ, రసం చాలామందికి అన్నింటికన్నా కష్టం, ఎందుకంటే అవి చకచకా జారిపోతాయి. చిక్కటి సజ్జ జావ, మెత్తగా కలిపిన పప్పన్నం, గుజ్జుగా నలిపిన అరటిపండు వాటికంటే నిదానంగా దిగుతాయి. ఎంత చిక్కగా ఉండాలన్నది మాత్రం మింగుడు పరీక్ష చేసినవాళ్ళు చెప్పాలి.

పరామర్శకు వచ్చేవాళ్ళ సంగతి కూడా చెప్పాలి. ఆ సీమలో ఎవరింటికి వెళ్ళినా చేతిలో కోవిల్‌పట్టి కడలై మిఠాయో, సాత్తూరు కారాసేవో ఉంటుంది. కోవిల్‌పట్టి మిఠాయికి 2020లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది, దాని రుచి అంతటిది. కానీ పాకం పట్టిన వేరుశెనగ పలుకు, కరకరలాడే సేవు మింగుడు సరిగ్గా లేని మనిషికి అన్నింటికంటే ప్రమాదమైన తిండి. విడివిడిగా పలుకులయ్యే, నోట్లో చిట్లిపోయే పదార్థం ఏదైనా అంతే. “ఒక్క ముక్కే కదా మామా, రుచి చూడు” అని ప్రేమతో నోట్లో పెట్టే బావమరిదిని ఆపాల్సింది ఇంట్లోవాళ్ళే. ఆ మాట అనడం కోడలికి కష్టం. అందుకే ఆస్పత్రిలో డాక్టరు ఇంటిల్లిపాదినీ కూర్చోబెట్టి ఇంటి పెద్దల ముందే చెప్పాలి. అప్పుడు ఆమె కాదంటే అది డాక్టరు మాట అవుతుంది.

ఇంకొకటి. రోజుకు రెండుసార్లు నోరు శుభ్రం చేస్తే నోట్లో పెరిగే సూక్ష్మజీవులు ఊపిరితిత్తుల్లోకి జారి న్యుమోనియా తెచ్చే అవకాశం తగ్గుతుంది. ముక్కులో గొట్టం వేసి ఆహారం పోస్తున్నా సరే, పళ్ళు తోమాలి.

పడిపోయిన చెయ్యి పట్టుకుని లేపితే ఏమవుతుంది?

భుజం కీలు జారుతుంది. మామూలుగా ఆ కీలును పట్టి ఉంచేది చుట్టూ ఉన్న కండరాలే. అవి వదులైపోయినప్పుడు చెయ్యి బరువుకే ఎముక గూట్లోంచి కొంచెం కిందికి దిగుతుంది. మంచం మీంచి లేపడానికి ఆ చెయ్యి పట్టి లాగినా, చంకల్లో చేతులు పెట్టి ఎత్తినా అది ఇంకా సాగుతుంది. కొన్ని వారాలకు భుజం నొప్పి మొదలై, మనిషి వ్యాయామమే వద్దంటాడు. కోలుకోగలిగిన చెయ్యి అలా ఆగిపోవడం ఎంతో బాధ కలిగించే విషయం, ఎందుకంటే లాగినవాళ్ళంతా సాయం చేయాలనే లాగారు.

సరైన పద్ధతి ఏ ఫిజియోథెరపిస్టైనా పావుగంటలో చేయించి చూపగలరు. కుర్చీ మంచానికి ఆనించి, ఆయన బలమున్న వైపు వెయ్యాలి. నులక మంచం గుంటలా దిగిపోతుంది కాబట్టి దాని మీంచి లేవడం రెట్టింపు కష్టం, గట్టి పలకల మంచం మేలు. ఆయన మంచం అంచుకు జరిగి, రెండు పాదాలూ నేలకు ఆనేలా కూర్చోవాలి. ఒక తువ్వాలు మడిచి నడుము చుట్టూ గట్టిగా కట్టండి, అది మీకు పట్టు. మీరు ఎదురుగా నిలబడి, మోకాళ్ళు వంచి, పడిపోయిన కాలి మోకాలికి మీ మోకాలు అడ్డం పెట్టండి, లేచేటప్పుడు అది మడత పడకుండా. ఆయన చేతులు మీ మెడ చుట్టూ వెయ్యనివ్వకండి. అలా వేస్తే ఆయన బరువంతా మీ వెన్నెముక మీద పడుతుంది. “ఒకటి, రెండు, మూడు” అనగానే ఆయన ముందుకు, ముక్కు తన కాలివేళ్ళ మీదికి వచ్చేంతగా వంగాలి. అలా వంగితేనే పిరుదులు తేలుతాయి. వెనక్కి వాలి లేవబోతే ఎంత బలమున్న కొడుకైనా లేపలేడు. లేచాక ఒక్క క్షణం నిలబడి, చిన్న అడుగులతో తిరిగి, కుర్చీ తొడలకు తగిలాక కూర్చోవాలి.

ఇది చదివితే రాదు. ఆస్పత్రిలో ఉండగానే, ఇంటికి వెళ్ళే మనిషితోనే రెండు మూడుసార్లు చేయించాలి. ఆస్పత్రిలో కాగితాల మీద సంతకం పెట్టే కొడుకు ఒకరు, ఇంట్లో లేపే మనిషి ఇంకొకరు. నేర్పేది ఆ రెండో మనిషికి.

చొక్కా ముందు ఏ చేతికి?

తొడిగేటప్పుడు పడిపోయిన చేతికి ముందు. విప్పేటప్పుడు మంచి చేతికి ముందు. ఈ ఒక్క వాక్యం తెలిస్తే రోజూ పొద్దున పడే అవస్థ సగం తగ్గుతుంది.

ఆకులో సగం కూర అలాగే మిగిలితే వంట బాగాలేనట్టా?

మెదడు కుడి భాగం దెబ్బతిన్నవాళ్ళలో కొందరికి ఎడమ వైపు అనేదే లేకుండా పోతుంది. కన్ను బాగానే ఉంటుంది, చూపు బాగానే ఉంటుంది, మెదడే ఆ వైపును పట్టించుకోదు. అరటాకు వేసి వడ్డిస్తే కుడి సగంలో ఉన్నది తిని, ఎడమ వైపు ఉప్పు, కూర, అప్పడం ముట్టుకోకుండా లేస్తారు. గడ్డం సగమే గీసుకుంటారు. తలుపు దాటేటప్పుడు ఎడమ భుజం తగిలించుకుంటారు. తన ఎడమ చెయ్యి తనది కాదనేవాళ్ళు కూడా ఉంటారు. ఇంట్లోవాళ్ళకు ఇది మొండితనంలాగో, మతి పోయినట్టుగానో కనబడుతుంది. రెండూ కావు.

అప్పటికి ఆకును తిప్పి పెడితే మిగిలింది తింటారు. దానితో పాటు తల మెల్లగా ఎడమకు తిప్పించడం అలవాటు చేయాలి. ఆకు ఎడమ అంచున ఎర్రటి గుడ్డ పీలిక పెట్టి, “అది కనబడేదాకా చూడు నైనా” అనడం ఒక పద్ధతి. నీళ్ళ చెంబు, పిలిచే గంట లాంటి అవసరమైనవి మాత్రం ఆయనకు తెలిసే కుడి వైపే ఉంచాలి. ఈ మనుషుల్ని ఒంటరిగా రోడ్డు దాటనివ్వకూడదు.

రెండు భాషలున్న మనిషికి ఏ భాష ముందు తిరిగి వస్తుంది?

కారియాపట్టి ఇళ్ళకు ఇది చాలా దగ్గరి ప్రశ్న. మెదడు ఎడమ భాగం దెబ్బతిన్నప్పుడు చాలామందికి మాట పోతుంది. మాట పోయినా మనిషికి బుద్ధి, జ్ఞాపకం, అభిమానం అన్నీ ఉంటాయి. 1861లో పారిస్‌లో వైద్యుడు పాల్ బ్రోకా చూసిన లెబోర్న్ అనే రోగి ఏం అడిగినా “టాన్, టాన్” అని మాత్రమే అనగలిగేవాడు, కానీ ఎదుటివాళ్ళు చెప్పేది చాలావరకు గ్రహించేవాడు. ఆయన మెదడునూ, ఆ తరువాత అలాంటి మరికొందరి మెదళ్ళనూ పరిశీలించాకే మాటకు ఎడమ వైపు ఒక చోటుందని వైద్యలోకం ఒప్పుకుంది.

చిన్నప్పుడు మొదట నేర్చిన భాషే నిలుస్తుందని 19వ శతాబ్దం చివర ఫ్రాన్స్‌లో మనస్తత్వవేత్త రిబో అన్నాడు. జబ్బుకు ముందు ఎక్కువగా వాడిన భాషే ముందు వస్తుందని 1895లో అక్కడి వైద్యుడు పీత్ర్ వాదించాడు. ఇప్పుడు తెలిసిందేమంటే, ఎక్కువమందిలో రెండు భాషలూ ఇంచుమించు కలిసే కోలుకుంటాయి, కొందరిలో మాత్రం ఒకటి వచ్చి ఇంకొకటి రాదు. ఈ కొందరి గురించే నా ఆందోళన. ఆస్పత్రిలో నర్సు తమిళంలో అడుగుతుంది, ఆయన జవాబు చెప్పడు, “మాట అర్థం కావడం లేదు” అని కాగితం మీద రాస్తారు. ఇంటికొచ్చాక భార్య తెలుగులో “నీళ్ళు కావాలా?” అంటే తల ఊపుతాడు. ఆ సంగతి డాక్టరుకు చెప్పాలని ఆమెకు ఎవరూ చెప్పి ఉండరు. ఇది అటూ ఇటూ కూడా జరగొచ్చు. మదురైలో నలభై ఏళ్ళు అంగడి నడిపినవాడికి తమిళం ముందు రావచ్చు. కాబట్టి ఆస్పత్రిలో చేరిన రోజే “ఇంట్లో మేం తెలుగు మాట్లాడతాం, ఆయన చదివేది తమిళం” అని చెప్పండి, రెండింట్లోనూ పరీక్షించమనండి.

హైదరాబాద్ నిమ్స్ ఆస్పత్రిలో సువర్ణ అల్లాడి బృందం స్ట్రోక్ వచ్చిన 608 మందిని పరిశీలించి 2016లో ప్రచురించిన ఫలితం ప్రపంచమంతా చదివింది. రెండు లేదా అంతకంటే ఎక్కువ భాషలు మాట్లాడేవాళ్ళలో 40.5 శాతం మందికి ఆలోచనాశక్తి మామూలుగా నిలిచింది. ఒకే భాష వాళ్ళలో అది 19.6 శాతమే. మాట పోవడం మాత్రం రెండు గుంపుల్లోనూ ఒకే తీరున ఉంది. ఇంట్లో తెలుగు వదిలేయకుండా కాపాడుకొచ్చిన అక్కడి అవ్వలు, తాతలు తమకు తెలియకుండానే తమ మెదడుకు మేలు చేసుకున్నారని నాకు అనిపిస్తుంది.

మాట రాని మనిషికి పాట రావచ్చు. ఇది 18వ శతాబ్దం నుంచే వైద్యులు గమనించారు. 1973లో బోస్టన్‌లో రాగంతో మాట నేర్పే చికిత్సగా కూడా దీన్ని రూపొందించారు. వారాల పేర్లు, అంకెలు, ఏళ్ళ తరబడి పాడిన తిరుప్పావై, పాత సినిమా పాట, ఇలా వరసలో వచ్చేవి ముందు వస్తాయి. తిరుప్పావై పాడిన ఆండాళ్ పుట్టిన శ్రీవిల్లిపుత్తూరు ఉన్నది విరుదునగర్ జిల్లాలోనే. మార్గళి (ధనుర్మాసం) పొద్దున పక్కన కూర్చుని మొదటి పదం అందిస్తే ఆయన మిగతాది అందుకోవచ్చు. అందుకోకపోయినా నష్టం లేదు. మాట్లాడేటప్పుడు ఒక్కరే, చిన్న వాక్యాలతో, అవును కాదు అనే జవాబు చాలే ప్రశ్నలు అడగాలి. చెవుడు లేని మనిషి దగ్గర అరవకూడదు. మాట కోసం ఆయన వెతుక్కుంటుంటే వెంటనే అందించేయకుండా కాసేపు ఆగాలి. ఆయన ముందే ఆయన గురించి మూడో మనిషిలా మాట్లాడకూడదు. ఇది నేను గట్టిగా చెబుతున్నాను, ఎందుకంటే ఆయనకు అంతా వినబడుతుంది.

ఇంట్లోవాళ్ళకు శిక్షణ ఇస్తే జబ్బు మనిషి త్వరగా కోలుకుంటాడా?

దీని మీద మన దేశంలోనే పెద్ద పరీక్ష జరిగింది. పేరు అటెండ్. 2014 నుంచి 2016 దాకా 14 ఆస్పత్రుల్లో 1250 మంది రోగుల్ని తీసుకున్నారు. లూధియానా క్రిస్టియన్ మెడికల్ కాలేజీకి చెందిన జయరాజ్ పాండియన్, ఆస్ట్రేలియా వైద్యుడు రిచర్డ్ లిండ్లీ దాన్ని నడిపారు. సగం మంది కుటుంబసభ్యులకు ఆస్పత్రిలోనే వ్యాయామం చేయించడం నేర్పి, ఇంటికి వెళ్ళాక రెండు నెలల దాకా కొనసాగించారు. మిగతా సగం మందికి మామూలు వైద్యమే. ఆరు నెలలకు చూస్తే చనిపోయినవాళ్ళూ, ఇంకొకరి మీద ఆధారపడినవాళ్ళూ కలిపి శిక్షణ పొందిన గుంపులో 47 శాతం, పొందని గుంపులో 47 శాతం. తేడా లేదు. 2017లో ‘లాన్సెట్’ ప్రచురించింది.

దానికి ముందు బ్రిటన్‌లో 36 స్ట్రోక్ యూనిట్లలో 900 పైచిలుకు రోగులు, వాళ్ళను చూసుకునేవాళ్ళతో చేసిన పరీక్షలోనూ (2013) ఉపయోగం కనబడలేదు. కానీ 2004లో లండన్‌లో లలిత్ కాల్రా బృందం 300 మందితో చేసిన పరీక్షలో ఇంకో సంగతి తేలింది. అక్కడ రోగిని కదిలించడం, స్నానం, తిండి లాంటి రోజువారీ పనులు ఇంట్లోవాళ్ళతో చేయించి మరీ నేర్పారు. ఏడాది తరువాత మరణాలూ వైకల్యమూ తగ్గలేదు. కానీ చూసుకునేవాళ్ళ మీద బరువు తగ్గింది, ఇద్దరిలోనూ దిగులు, ఆందోళన తగ్గాయి, ఖర్చు కూడా తగ్గింది.

ఈ మూడింటినీ పక్కపక్కన పెట్టుకుంటే నాకు తోచేది ఒకటే. ఇంట్లోవాళ్ళను ఫిజియోథెరపిస్టులుగా మార్చేసి, కోలుకునే బాధ్యత వాళ్ళ నెత్తిన పెట్టడం న్యాయం కాదు, పనికీ రాదు. వాళ్ళకు నేర్పాల్సింది దెబ్బ తగలకుండా, పొలమారకుండా, పుండు పడకుండా, నడుం విరగకుండా రోజు గడిపే పద్ధతి. “నువ్వు సరిగ్గా చేయించలేదు, అందుకే ఆయన లేవలేదు” అని ఏ అత్తా ఏ ఆడపడుచూ కోడల్ని అనకూడదు. 47కి 47 అన్న ఆ అంకె ఆమె పక్షాన నిలబడుతుంది.

నేర్పే పనికి ఫోన్ బాగా సాయపడుతుంది. దాదాపు పదేళ్ళ కిందట చెన్నైలో ‘కేర్ ఫర్ స్ట్రోక్’ పేరుతో, స్మార్ట్‌ఫోన్‌లో చూసే వీడియో పాఠాలు తయారుచేశారు. హైదరాబాద్‌లోని భారతీయ ప్రజారోగ్య సంస్థకు చెందిన జి.వి.ఎస్. మూర్తి అందులో భాగస్వామి. అక్షరాలు రాని అవ్వకు కూడా బొమ్మ అర్థమవుతుంది. మీ ఫిజియో ఇంట్లో చేయిస్తున్నప్పుడు అనుమతి అడిగి ఫోన్‌లో తీసుకుంటే అంతకంటే మంచి పాఠం లేదు, ఎందుకంటే అందులో ఉన్నది మీ మంచం, మీ మనిషి.

వేడినీళ్ళ కాపడం మంచిదేనా?

స్పర్శ పోయిన చేతికి, కాలికి కాదు. బొబ్బలెక్కేదాకా ఆయనకు తెలియదు. స్నానం నీళ్ళ వేడి మీ మోచేతితో చూడండి. ఇక మంచంలోనే ఉన్న మనిషిని రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలి. తిప్పినప్పుడల్లా నడుం కింది ఎముక, మడమలు, తుంటి చూడండి. ఎర్రటి మచ్చ మీద వేలితో నొక్కి వదిలినా తెల్లబడకపోతే పుండుకు అదే మొదలు. దాన్ని రుద్దకూడదు. అక్కడ బరువు పడకుండా చూసి, నర్సుకు చూపించాలి.

ఊరికే ఏడుస్తుంటే?

కొందరికి మెదడు దెబ్బ వల్లే ఏడుపు, నవ్వు అదుపు తప్పుతాయి. ఆ ఏడుపు వెనక దుఃఖం ఉండనక్కర్లేదు, మాట మారిస్తే ఆగిపోతుంది. ఇంచుమించు మూడోవంతు మందికి వచ్చే నిజమైన దిగులు వేరు. అన్నం వద్దనడం, నిద్ర లేకపోవడం, వ్యాయామానికి ముఖం తిప్పుకోవడం వారాల తరబడి ఉంటే అది మందులతో తగ్గే జబ్బు. డాక్టరుకు చెప్పాలి.

మాత్ర ఎప్పుడు ఆపాలి?

డాక్టరు ఆపమన్నప్పుడు. చెయ్యి కదలగానే కాదు. ఒకసారి వచ్చినవాళ్ళకు మళ్ళీ వచ్చే ప్రమాదం ఉంటుంది. రక్తపోటు మాత్ర, రక్తం గడ్డకట్టకుండా చూసే మాత్ర, కొలెస్ట్రాల్ మాత్ర దాన్ని తగ్గించడానికే. స్ప్రింట్ ఇండియా అనే పరీక్షలో 31 ఆస్పత్రుల్లో 4298 మందిని తీసుకుని, సగం మందికి 12 భాషల్లో తయారుచేసిన పుస్తకం, వీడియోలు, ఫోన్ సందేశాలు ఇచ్చారు. 2023లో వచ్చిన ఫలితం ప్రకారం ఏడాదిలో మళ్ళీ స్ట్రోక్ రావడంలో తేడా కనబడలేదు గానీ, పొగ, మద్యం మానేయడం, మాత్రలు క్రమంగా వేసుకోవడం మాత్రం మెరుగయ్యాయి.

పావురం రక్తం పూస్తే నరాలు కదులుతాయన్న నమ్మకం తెలుగు నాటా తమిళ నాటా వినిపిస్తుంది. దానితో చెయ్యి రాదు. మొదటి వారాల్లో దానంతట అదే వచ్చే కొంత కదలిక చూసి మందు పనిచేసిందనుకుంటారు, మాత్రలు ఆపేస్తారు. నష్టం అక్కడ జరుగుతుంది. నూనె రాయాలనుకుంటే మెల్లగా, వేడి లేకుండా రాయండి, మాత్రలు మాత్రం ఆపకండి. ఊరగాయ, అప్పడం, ఎండుచేప మూడింట్లోనూ ఉప్పు దండిగా ఉంటుందని వంట చేసేవాళ్ళు గుర్తుంచుకోవాలి.

ఫిజియో మీ ఇంటికే వస్తారని తెలుసా?

తమిళనాడు ప్రభుత్వం 2021 ఆగస్టు 5న ‘మక్కళై తేడి మరుత్తువం’ పథకాన్ని కృష్ణగిరి జిల్లా సామనపల్లిలో మొదలుపెట్టింది. మహిళా ఆరోగ్య కార్యకర్తలు రక్తపోటు, షుగర్ మాత్రలు ఇంటికి తెచ్చిస్తారు. మంచంలో ఉన్నవాళ్ళకు ఫిజియోథెరపీ, ఉపశమన సేవ కూడా ఇంటి దగ్గరే ఇస్తారు. ఈ పథకానికి 2024లో ఐక్యరాజ్యసమితి పురస్కారం వచ్చింది. మీ ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో మనిషి పేరు రాయించాలి. విరుదునగర్‌లో 2022 జనవరిలో ప్రారంభమైన ప్రభుత్వ వైద్య కళాశాల కూడా ఉంది. వైకల్యం నిలిచిపోయినవాళ్ళు జిల్లా దివ్యాంగుల కార్యాలయంలో గుర్తింపు కార్డుకు దరఖాస్తు పెట్టుకోవచ్చు. పథకాలకు అదే ఆధారం.

ఫిజియో వచ్చే రోజున, చూసుకునే భార్యనో కోడలినో వంటింట్లోనే ఉంచి, మగవాళ్ళే మాట్లాడి పంపే ఇళ్ళున్నాయి. రోజూ లేపేది ఆమె కాబట్టి ఆమె మంచం పక్కనే ఉండాలి. ఆ అరగంట పొయ్యి ఇంకెవరైనా చూసుకోవచ్చు.

చూసుకునే మనిషి రక్తపోటు ఎవరు చూస్తారు?

అమెరికాలో రిచర్డ్ షుల్జ్, స్కాట్ బీచ్ 1999లో ప్రచురించిన అధ్యయనం ఇది. జబ్బుతో ఉన్న భర్తనో భార్యనో చూసుకుంటూ, ఆ పనితో నలిగిపోతున్నామని చెప్పిన వృద్ధులు నాలుగేళ్ళలో చనిపోయే ప్రమాదం, ఆ పని లేనివాళ్ళతో పోలిస్తే 63 శాతం ఎక్కువగా తేలింది. చూసుకుంటూ కూడా నలగనివాళ్ళలో ఆ పెరుగుదల కనబడలేదు. అంటే మనుషుల సాయం, నిద్ర, సెలవు ఉన్నచోట ప్రమాదం తగ్గుతుందని నేను అర్థం చేసుకున్నాను.

కారియాపట్టి ఇంట్లో దీన్ని ఇలా అమలు చేయవచ్చు. రాత్రి తిప్పే వంతు కొడుకుది, పగటి వంతు అమ్మది. వారానికి ఒక పూట కూతురో, మరదలో వచ్చి కూర్చుంటే ఆమె ఊళ్ళోకి వెళ్ళి వస్తుంది. తన సొంత మాత్రలు ఆయన మాత్రల డబ్బా పక్కనే ఉంటాయి, ఇద్దరూ ఒకే వేళకు వేసుకుంటారు. ఆరోగ్య కార్యకర్త ఆయన చేతికి బీపీ పట్టీ కట్టి, అంకె రాసుకుని, పట్టీ మడిచేలోపు ఇంట్లో ఎవరో ఒకరు “అమ్మకూ చూడండి” అనాలి.